అంబాసిడర్ తుమ్మితే ఒక రోగం, పేలితే ఇంకో రోగం

మీ బండి 1978 మార్క్ త్రీ అంబాసిడర్, 1489 సీసీ పెట్రోలు ఇంజిను, ఎస్‌యూ రకం కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం). సెల్ఫ్ కొట్టగానే అందుకుంటోంది, స్లో స్పీడు నిలకడగానే ఉంది. మూడో గేర్లో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు 40 దాటగానే కార్బొరేటర్లో తుప్ తుప్‌మంటోంది, కాలు తీస్తే అప్పుడప్పుడు సైలెన్సర్లో ఢామ్మంటోంది, మొత్తానికి బండి లాగడం లేదు. కొత్త ప్లగ్గులు వేశారు, కార్బొరేటర్ రెండుసార్లు కడిగించారు, మిక్చర్ (పెట్రోలు-గాలి పాళ్లు) నట్టు తిప్పించారు. ఏ తేడా రాలేదు. ఇప్పుడు కార్బొరేటరే మార్చేయమంటున్నారు, మార్చాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

వద్దు. మూడోసారి దాన్ని విప్పనివ్వకండి కూడా. పాత పెట్రోలు ఇంజిను సెట్టింగుకి ఒక వరస ఉంది: ముందు టాపెట్లు (వాల్వుల దగ్గర వదిలే గ్యాపు), తర్వాత పాయింట్లు (స్పార్కు కోసం కరెంటుని తెంచే చిన్న స్విచ్చు), ఆ తర్వాత టైమింగు (స్పార్కు ఏ క్షణంలో పడాలన్నది), అన్నిటికీ చివర కార్బొరేటర్. టాపెట్ గ్యాపు తప్పుంటే టైమింగు ఎంత కచ్చితంగా పెట్టినా సిలిండర్ నిండదు. పాయింట్ల గ్యాపు కదిలితే టైమింగు దానంతటదే కదులుతుంది. ఈ మూడూ తేలకుండా మిక్చర్ తిప్పడమంటే, కళ్లజోడు మార్చాల్సినవాడు టీవీ వెలుగు పెంచుకుంటూ కూర్చోవడమే. అసలు తప్పు అలాగే ఉంటుంది, సరిగ్గా ఉన్న కార్బొరేటర్ కూడా చెడుతుంది. మీ బండిలో ఈపాటికి ఆ రెండోది జరిగే ఉంటుంది.

ముందు శబ్దం సంగతి. మనవాళ్లు రెండిటినీ 'బ్యాక్‌ఫైర్' అనేస్తారు గానీ అవి రెండు వేర్వేరు రోగాలు.

కార్బొరేటర్ వైపు వచ్చేది తుమ్ము. సిలిండర్లో ఆరిపోవాల్సిన మంట, ఇన్‌లెట్ వాల్వు తెరుచుకునే వేళకి ఇంకా రగులుతూ ఉంటే, లోపలికి వస్తున్న కొత్త మిక్చర్‌ని అంటించి వెనక్కి తన్నుతుంది. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే మిక్చర్ నెమ్మదిగా కాలుతుంది కాబట్టి తుమ్ముకి మొదటి కారణం అదే. మిగతావి: ఇన్‌లెట్ వాల్వు సరిగ్గా మూసుకోకపోవడం, డిస్ట్రిబ్యూటర్ (స్పార్కు కరెంటుని వరసగా నాలుగు ప్లగ్గులకీ పంచే భాగం) మూతలో కరెంటు పక్క సిలిండర్‌కి దూకడం, వాల్వుల్ని తెరిచే క్యామ్ అరిగి ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా తెరుచుకోకపోవడం.

సైలెన్సర్ వైపు వచ్చేది పేలుడు. సిలిండర్లో అంటుకోని మిక్చర్ అలాగే బయటికి పోయి, కాలుతున్న పైపులో అంటుకుంటుంది. అంటే ఏదో ఒక స్పార్కు ఎగ్గొట్టింది, లేదా చాలా ఆలస్యంగా పడింది, లేదా ఎగ్జాస్ట్ వాల్వు కాలి లీకవుతోంది. కాలు తీసినప్పుడు మాత్రమే పేలితే ఇంకో కారణం కూడా చూడాలి: మానిఫోల్డు (ఇంజినుకి బిగించిన గొట్టాల భాగం) దగ్గరో, సైలెన్సర్ జాయింటు దగ్గరో బయటి గాలి లోపలికి దూరుతూ ఉంటుంది.

మీ బండి రెండూ చేస్తోంది. అదీ లోడు మీదే. స్లోలో బాగుండి లోడు మీద తప్పడానికి కారణం సూటిగానే ఉంటుంది. ఎక్సలేటర్ తొక్కినకొద్దీ సిలిండర్లో గాలి నిండి ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో ప్లగ్గు గ్యాపు దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. స్లోలో 'సరిపోయే' బలహీనమైన స్పార్కు అక్కడ చతికిలబడుతుంది. అలాగే స్లోలో సరిపోయే పెట్రోలు ధార, ఎత్తు ఎక్కేటప్పుడు చాలదు. కాబట్టి అనుమానితులు ఇద్దరే: కరెంటు, పెట్రోలు. ఈ ఇద్దర్నీ విడదీయడానికి స్పానర్ కూడా అక్కర్లేదు.

ఖాళీ రోడ్డు మీద, అదే ఎత్తులో, తుమ్ములు మొదలవగానే ఎక్సలేటర్ కదపకుండా చోక్ ఒక సెంటీమీటరు లాగండి. ఎస్‌యూలో చోక్ లాగితే జెట్టు (పెట్రోలు వచ్చే సన్న గొట్టం) కిందికి దిగి పెట్రోలు పెరుగుతుంది. తుమ్ములు ఆగి బండి అందుకుంటే లోపం పెట్రోలు వైపు, లేదా గాలి లీకు. ఏ మార్పూ లేకపోయినా, ఇంకా ఎక్కువైనా కరెంటు వైపు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఏ పార్టూ కొనకండి.

ఫలితం ఎటు వచ్చినా టాపెట్లు మాత్రం ముందు చూడాల్సిందే, ఎందుకంటే ఈ ఇంజిన్లకి ఒక చరిత్ర ఉంది. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) బి-సిరీస్ ఇంజిను, సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో డిజైన్ చేసింది. ఆ సీసం ఎగ్జాస్ట్ వాల్వుకీ సీటుకీ మధ్య పూతలా నిలిచి కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. గట్టి సీట్లు వేయించని హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వు మెల్లగా సీట్లోకి దిగిపోతూ ఉంటుంది. అది దిగినకొద్దీ కాడ పైకి వస్తుంది, టాపెట్ గ్యాపు తగ్గుతుంది. గ్యాపు సున్నా అయిన రోజు వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడి సీటుకి చేరదు, అంచు కాలిపోతుంది. ఇదంతా నిశ్శబ్దంగా జరుగుతుంది. టాపెట్లు టకటకలాడుతుంటే అందరూ కంగారు పడతారు గానీ, అంబాసిడర్లో భయపడాల్సింది చప్పుడు చేయని టాపెట్‌కి.

గ్యాపు ఇంజిను చల్లగా ఉన్నప్పుడు అన్నిటికీ 0.015 అంగుళం, అంటే 0.38 మి.మీ. నాలుగు ప్లగ్గులూ విప్పేస్తే ఇంజిను చేత్తోనే తిరుగుతుంది. హ్యాండిల్ ఉంటే సరే, లేకపోతే చదునైన చోట టాప్ గేర్లో వేసి బండిని కొంచెం కొంచెం నెట్టండి. రేడియేటర్ వైపు నుంచి వాల్వులకి 1 నుంచి 8 దాకా నంబర్లు వేసుకోండి. 1, 4, 5, 8 ఎగ్జాస్టువి, మిగతా నాలుగూ ఇన్‌లెట్‌వి. లెక్క తొమ్మిది: 8వ వాల్వు పూర్తిగా నొక్కుకుని ఉన్నప్పుడు 1వది సెట్ చేయాలి, 6వది నొక్కుకుని ఉంటే 3వది, 5వది నొక్కుకుని ఉంటే 4వది, 2వది నొక్కుకుని ఉంటే 7వది. మిగతావి కూడా ఇలాగే, రెండూ కలిపితే తొమ్మిది రావాలి. ఫీలర్ గేజ్ పత్తి (గ్యాపు కొలిచే పలచటి రేకు) కొద్దిగా పట్టు తగులుతూ జారాలి. లాక్‌నట్టు బిగించాక మళ్లీ కొలవండి, బిగించేటప్పుడు స్క్రూ తిరిగి గ్యాపు మారడం మామూలే. రాకర్ (వాల్వుని నొక్కే మీట) మొహం గుంట పడి ఉంటే వెడల్పు పత్తి ఆ గుంట మీద వంతెనలా నిలబడి అబద్ధం చెబుతుంది. అక్కడ సన్నటి పత్తి వాడాలి.

సెట్ చేయకముందు ఏ వాల్వుకి ఎంత గ్యాపు ఉందో కాగితం మీద రాసుకోండి. రెండు వేల కిలోమీటర్లకే ఒక ఎగ్జాస్ట్ గ్యాపు మళ్లీ తగ్గిపోతే, ఆ హెడ్‌కి గట్టి సీట్లు వేయించే రోజు దగ్గరపడిందని అర్థం. కవర్ తీసి ఉండగానే ఇంకో పని చేయండి. ఇంజిను తిప్పుతూ ప్రతి రాకరూ వాల్వుని ఎంత లోతుకి నొక్కుతోందో స్కేలుతో చూడండి. ఏడు ఒకలా ఉండి ఒకటి మాత్రం రెండు మిల్లీమీటర్లు తక్కువ నొక్కితే క్యామ్ అరిగింది. అది ఎగ్జాస్ట్ అయితే, ఆ సిలిండర్లో పొగ పూర్తిగా పోక, ఇన్‌లెట్ తెరవగానే కార్బొరేటర్లోకి తన్నుతుంది. ఆ తుమ్ము ఏ సెట్టింగుకీ లొంగదు.

ఇక డిస్ట్రిబ్యూటర్. మెకానిక్కుల భాషలో డెల్కో, దాని మీద లూకాస్ అని రాసి ఉన్నా సరే. లోడు మీద మిస్సింగు అన్నప్పుడు ఎక్కువ సమయం గడపాల్సింది ఇక్కడే.

మూత తీసి ముందు చూపుతో పని చేయండి. మూత లోపల నాలుగు ఇత్తడి కాళ్ల మధ్య పెన్సిల్ గీతలాంటి సన్నటి నల్లగీత ఉంటే కరెంటు అక్కడ నడుస్తోంది. మూత పారేయండి, గీకితే పోయేది కాదు. మధ్యలో కార్బన్ బొగ్గు స్ప్రింగుతో లోపలికీ బయటికీ ఆడాలి. రాత్రిపూట దీపాలార్పి, ఇంజిను నడుస్తుండగా ప్లగ్గు వైర్ల మీద స్ప్రే సీసాతో నీటి తుంపర కొడితే, లీకయ్యే చోట నీలం నిప్పురవ్వలు కళ్లకి కనిపిస్తాయి. వైర్ల వరస 1-3-4-2, పైనుంచి చూస్తే రోటర్ (మూత కింద తిరుగుతూ కరెంటు పంచే ముక్క) తిరిగేది ఎడమ వైపుకి, అంటే గడియారానికి ఎదురు. సర్వీసు తర్వాత మొదలైన తుమ్ములయితే ముందు ఈ వరసే సరిచూడాలి. రెండు వైర్లు మారినా అంబాసిడర్ మిగతా రెండు సిలిండర్ల మీద కుంటుతూ నడిచే మొండి బండి.

రోటర్ పైకి బాగానే కనిపిస్తూ లోపల లీకయ్యే రకం. ఇత్తడి పలకని రివెట్టుతో బిగించిన చవక రోటర్లలో, ఆ రివెట్టు నుంచి కింద షాఫ్టుకి కరెంటు దిగిపోతుంది. పరీక్ష: కాయిల్ (బ్యాటరీ వోల్టేజిని స్పార్కుకి సరిపడా పెంచేది) నుంచి వచ్చే లావు వైరుని మూత నుంచి ఊడబీకి, రబ్బరు పట్టుతో పట్టుకుని, కొస రోటర్ ఇత్తడికి 3 మి.మీ. దూరంలో ఉంచి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అక్కడ స్పార్కు దూకకూడదు. దూకితే అది రోటర్లోంచి ఎర్త్‌కి పోతున్నట్టే. రోటర్ మార్చండి. దగ్గర్లో పెట్రోలు వాసన ఉంటే మాత్రం ఈ పరీక్ష చేయొద్దు.

పాయింట్ల గ్యాపు 0.014 నుంచి 0.016 అంగుళం, 0.36 నుంచి 0.40 మి.మీ. క్యామ్ కొన మీద ఫైబర్ మడమ నిలిచినప్పుడు కొలవాలి. పాయింట్ల మీద ఒకవైపు పుట్టలా పెరిగి రెండో వైపు గుంట పడి ఉంటే గేజ్ పత్తి పుట్ట మీద ఆనుతుంది, కొలత తప్పు వస్తుంది. ఆకురాయితో పుట్ట అరగదీశాకే కొలవండి, లేదా కొత్తవి వేయండి. మడమకి గ్రీజు పెట్టకపోతే అది వారాల్లో అరిగి గ్యాపు మూసుకుంటుంది. గ్యాపు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, అంటే టైమింగు వెనక్కి పోతుంది. బండి లాగదు, వేడెక్కుతుంది, సైలెన్సర్లో పేలుతుంది. 'కొత్తగా సెట్ చేసిన రెండు నెలలకే బలం పోయింది' అనే ఫిర్యాదు వెనక తరచుగా ఉండేది, పెట్టకుండా వదిలేసిన బియ్యపుగింజంత గ్రీజు. అంతకంటే ఎక్కువ పూస్తే చిట్లి పాయింట్ల మీద పడుతుంది, అదింకో తలనొప్పి.

గ్యాపు సెట్ చేశాక షాఫ్టుని వేలితో పక్కకి నొక్కి చూడండి. నొక్కినప్పుడు పాయింట్ల గ్యాపు కళ్లకి కనిపించేంత మారితే బుష్షు అరిగిపోయింది. అప్పుడు నాలుగు సిలిండర్లకీ నాలుగు రకాల టైమింగు నడుస్తుంది, ఏ గేజూ దాన్ని సరిచేయలేదు. లేత్ దగ్గర కంచు బుష్షు వేయించుకోవడమే మార్గం. డ్వెల్ మీటరు (పాయింట్లు మూసుకుని ఉండే కోణం చూపేది) ఉంటే 60 డిగ్రీల చుట్టుపక్కల చూపాలి, రేస్ ఇచ్చినప్పుడు రెండు మూడు డిగ్రీలకి మించి ఊగకూడదు.

ఇప్పుడు మీ లక్షణాలకి సరిగ్గా అతికే చోటు. మూత కింద, పాయింట్ల నుంచి బయటి టెర్మినల్‌కి ఒక చిన్న మెత్తటి వైరు ఉంటుంది. పాయింట్ల ప్లేటుని డెల్కో బాడీకి ఎర్త్ చేస్తూ అల్లిన వైరు ఇంకోటి. ఇంజిను పీల్పు (వాక్యూమ్) పెరిగినప్పుడూ తగ్గినప్పుడూ ప్లేటు అటూ ఇటూ తిరుగుతుంది, దానితోపాటు ఈ రెండు వైర్లూ వంగుతాయి. నలభై ఏళ్లు వంగిన రాగి పోగులు తొడుగు లోపల తెగిపోతాయి, పైన తొడుగు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. స్లోలో తెగిన కొసలు ఆనుకునే ఉంటాయి. ఎక్సలేటర్ తొక్కగానే ప్లేటు కదిలి కొసలు విడిపోతాయి, స్పార్కు ఎగిరిపోతుంది, తుమ్మూ పేలుడూ రెండూ వస్తాయి. మల్టీమీటర్ని ఓమ్స్‌లో పెట్టి, ఒక కాడ పాయింట్ల వైపు, ఒకటి బయటి టెర్మినల్‌కి పట్టించి, వైరుని వేళ్లతో వంచుతూ, మెల్లగా లాగుతూ చూడండి. అంకె క్షణమైనా ఎగిరిందంటే దొరికింది. ఎర్త్ వైరుకీ ఇదే పరీక్ష. వైరు మార్చేటప్పుడు గట్టి హౌస్‌వైరింగ్ తీగ వేయకండి, సన్న పోగుల మెత్తటి వైరే వేయాలి. గట్టిది ప్లేటుని కదలనివ్వదు, నెలలోపే తెగుతుంది కూడా.

వాక్యూమ్ ట్యూబు నోటితో పీల్చి నాలుకతో మూస్తే, ప్లేటు తిరిగి అక్కడే నిలవాలి. నిలవకపోతే డయాఫ్రం చిరిగింది. రోటర్‌ని అది తిరిగే దిక్కులోనే కొద్దిగా మెలితిప్పి వదిలితే స్ప్రింగులా వెనక్కి రావాలి. రాకపోతే కింద ఉన్న బరువులు తుప్పుపట్టి ఇరుక్కున్నాయి. మూల పడి ఉన్న బండ్లలో ఇది సర్వసాధారణం. బరువులు ఇరుక్కుంటే స్లోలో అంతా సవ్యంగానే ఉంటుంది, స్పీడు పెరిగినా టైమింగు ముందుకి జరగదు, 50 దగ్గర బండి గోడకి తగిలినట్టు ఆగిపోతుంది. ప్లేటు తీసి కిరోసిన్‌తో కడిగి రెండు చుక్కల ఆయిలు చాలు.

కండెన్సర్ (పాయింట్ల మధ్య మంట రాకుండా ఆపేది) చూస్తే తెలియదు, పాయింట్లు చెబుతాయి. తక్కువ కాలంలోనే మొహాలు నీలంగా కాలి, మూత తీసి చూస్తే పాయింట్ల మధ్య లావైన పసుపు మంట కనిపిస్తుంటే దాన్ని మార్చండి. విలువ 0.2 మైక్రోఫారడ్ దరిదాపుల్లో ఉండాలి. చల్లగా బాగుండి ఇరవై నిమిషాలకి మొరాయించే బండిలో ముందు దీన్నీ, తర్వాత కాయిల్‌నీ అనుమానించాలి. ఈ రోజుల్లో కొత్త కండెన్సర్ల నాణ్యత గురించి మంచి మాట చెప్పలేను. పాత స్టాకుది దొరికితే ఒకటి డాష్‌బోర్డులో పడేసుకోండి.

కాయిల్ రెండు సన్న టెర్మినళ్ల మధ్య 3 ఓమ్‌ల పైచిలుకు ఉండాలి. 1.5 ఓమ్‌ల కాయిల్ బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కరెంటుని తగ్గించే ముక్కతో) వాడాల్సిన రకం. దాన్ని నేరుగా 12 వోల్టులకి తగిలిస్తే 4 ఆంపియర్లు పోవాల్సిన పాయింట్ల గుండా 8 పోతాయి, నెలలో కాలతాయి. ఇంకోటి, డైనమో తీసి ఆల్టర్నేటర్ వేయించినప్పుడు పాజిటివ్ ఎర్త్ బండిని (బ్యాటరీ ప్లస్ బాడీకి తగిలించినదాన్ని) నెగెటివ్ ఎర్త్ చేసి ఉంటే, కాయిల్ వైర్లు కూడా మార్చాలి. నెగెటివ్ ఎర్త్ బండిలో డెల్కో వైపు వెళ్లే వైరు కాయిల్ మైనస్‌కి ఉండాలి. తిరగబడి ఉంటే బండి నడుస్తుంది గానీ, ప్లగ్గుకి ఎక్కువ వోల్టేజి కావాల్సి వచ్చి లోడు మీద మిస్సవుతుంది. మీ సమస్యకి ఇదొక్కటే కారణమైనా ఆశ్చర్యం లేదు, చూడటానికి అర నిమిషం.

ప్లగ్గుల గ్యాపు 0.025 అంగుళం, 0.64 మి.మీ. 'కొత్త ప్లగ్గులు సెట్ చేసే వస్తాయి' అన్న మాట నమ్మి అలాగే బిగించకండి. ఇప్పటి కార్ల కోసం 0.8 నుంచి 1.1 మి.మీ. దాకా తెరిచి వస్తుంటాయి. పాయింట్ల కరెంటుకి లోడు మీద అది దూకలేని కాలువ.

టైమింగు పాయింట్ల తర్వాతే. క్రాంక్ పుల్లీ మీద గాడి, టైమింగ్ కవర్ అడుగున ముళ్లు ఉంటాయి. పొడవైన ముల్లు టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానం), మిగతావి 5, 10 డిగ్రీలు ముందు. 5 దగ్గర మొదలుపెట్టండి, మీ బండి మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే. 12 వోల్టుల బల్బు ఒక కాడ కాయిల్‌కి డెల్కో వైపున్న టెర్మినల్‌కి, రెండోది ఎర్త్‌కి. ఇగ్నిషన్ ఆన్ చేసి, 1వ సిలిండర్ కంప్రెషన్లో ఉండగా గాడిని 5 దగ్గరికి తెచ్చి, క్లాంపు వదులు చేసి డెల్కో తిప్పండి. బల్బు వెలిగిన క్షణం పాయింట్లు విడిపోయిన క్షణం. అక్కడ బిగించండి. రోటర్ ఎడమకి తిరుగుతుంది కాబట్టి బాడీని కుడికి తిప్పితే టైమింగు ముందుకి, ఎడమకి తిప్పితే వెనక్కి పోతుంది. తర్వాత రోడ్డు మీద, టాప్ గేర్లో 40 నుంచి గట్టిగా తొక్కితే క్షణకాలం చిన్నగా నాకింగ్ (ఇంజిన్లో కొట్టుకున్నట్టు చప్పుడు) వినిపించి పోవాలి. అసలు వినిపించకపోతే కొంచెం ముందుకి, ఆగకుండా వినిపిస్తే కొంచెం వెనక్కి. హ్యాండిల్ని ముందుకీ వెనక్కీ కదిపినప్పుడు పుల్లీ కొన్ని డిగ్రీలు తిరిగినా రోటర్ కదలకపోతే టైమింగ్ చెయిను సాగిపోయిందని లెక్క.

చోక్ పరీక్షలో బండి అందుకుందనుకోండి, అప్పుడు పెట్రోలు దారి. ఈ ఇంజిను పూర్తి బలం మీద గంటకి పదిహేను లీటర్ల దాకా తాగుతుంది, అంటే నిమిషానికి పావు లీటరు. కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి పెద్ద సీసాలో పెట్టి కొలవండి. ఎలక్ట్రిక్ పంపు అయితే ఇగ్నిషన్ ఆన్ చేస్తే చాలు. మెకానికల్ పంపు అయితే ఫ్లోట్ చాంబర్లో మిగిలిన పెట్రోలు మీద ఇంజిను అర నిమిషం దాకా నడుస్తుంది, ఆలోపు కొలవాలి. ధార నిమిషానికి పావు లీటరు లెక్కకి దూరంగా తగ్గినా, మధ్యలో బుడగలు వచ్చినా అక్కడే ఆగి వెనక్కి వెతకండి. బుడగలంటే పంపుకి ముందు ఎక్కడో పైపు పగిలి గాలి పీలుస్తోంది. వేడి మానిఫోల్డు పక్కన ఈ పని చేయొద్దు, ఇంజిను చల్లారాక, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకుని చేయండి.

బలం పోయి, పక్కకి ఆపి ఐదు నిమిషాలు ఆగితే మళ్లీ బాగా లాగుతోందా? అయితే ట్యాంకులో తుప్పు పొట్టు పైపు మూతికి అడ్డం పడుతోంది. ఆగినప్పుడు కిందికి రాలిపోతుంది, నడిచినప్పుడు మళ్లీ వచ్చి అంటుకుంటుంది. ఆపగానే ట్యాంకు మూత తీస్తే సుయ్‌మని గాలి పీల్చిందంటే గాలి దారి మూసుకుపోయింది, ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి పంపుకి పెట్రోలు అందడం లేదు.

ఇథనాల్ సంగతి విడిగా చెప్పాలి. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది. మామూలు పెట్రోలు ఒక పాలు పూర్తిగా కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ20కి దాదాపు 13.5 చాలు. అంటే పాత పెట్రోలుకి సరిగ్గా సెట్ చేసిన కార్బొరేటర్, ఎవరూ ముట్టుకోకుండానే, ఎనిమిది శాతం లీన్ అయిపోయింది, అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. ముందే అంచు మీద ఉన్న బండికి తుమ్ములు రావడానికి అది చాలు. పైగా ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని, పంపు డయాఫ్రాన్ని మెత్తబరుస్తుంది. ఆ పొట్టు నల్లటి నుసిలా ఫ్లోట్ నీడిల్ దగ్గర చేరుతుంది. గాలిలో తేమ పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని బండిలో నీళ్లూ ఇథనాలూ విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి. అడుగు నుంచి పీల్చేది మీ పైపే. గాజు సీసాలో పట్టి పది నిమిషాలు ఉంచితే రెండు పొరలు కనిపిస్తాయి. పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించండి, పంపుకి ముందు ఒక ఫిల్టర్ పెట్టండి, బండి నిలిపి ఉంచాల్సి వస్తే ట్యాంకు ఖాళీగా వదలకండి.

గాలి లీకుకి ఆయిల్ క్యాన్ చాలు. స్లోలో నడుస్తుండగా మానిఫోల్డు ప్యాకింగు అంచు వెంట, కార్బొరేటర్ కింది ప్యాకింగు దగ్గర, త్రాటిల్ స్పిండిల్ రెండు కొసల దగ్గర ఒక్కో చుక్క ఆయిలు వేయండి. చుక్క లోపలికి పోయి ఇంజిను శబ్దం మారితే లీకు అక్కడే. స్పిండిల్ రంధ్రం అరిగి ఉంటే ఎంత కడిగినా స్లో నిలవదు. రెండుసార్లు కడిగినవాళ్లు ఇది చూశారో లేదో అడగండి.

ఇంత అయ్యాకే కార్బొరేటర్. ఎస్‌యూలో పార్టులు తక్కువ, తప్పులూ తక్కువే. పైన డ్యాంపర్ మూత విప్పి ఆయిలు చూడండి. 20 గ్రేడు ఆయిలు, డ్యాంపర్ దించుతుంటే మూత బిగుసుకోవడానికి ఒక 6 మి.మీ. ముందు వేలికి అడ్డు తగలాలి. ఆయిలు లేకపోతే తొక్కగానే పిస్టన్ ఒక్కసారిగా ఎగిరి, గాలి దూసుకొచ్చి, పెట్రోలు వెనకబడి ఒక తుమ్ము వస్తుంది. ఉట్టిగా ఎక్సలేటర్ కొడితేనే తుమ్మే బండికి ఈ ఒక్క చెంచా ఆయిలే మందు. తర్వాత పిస్టన్‌ని వేలితో పైకెత్తి వదిలితే 'టక్'మని మెటల్ చప్పుడుతో కూర్చోవాలి. చప్పుడు రాకపోతే నీడిల్ జెట్టుకి ఒరుసుకుంటోంది, జెట్టు మధ్యకి లేదు. కడగడానికి విప్పి బిగించిన కార్బొరేటర్లలో ఇది మామూలుగా జరిగే తప్పు. ఫ్లోటుని చెవి దగ్గర ఊపితే గలగలమనకూడదు. మూత తిరగేసినప్పుడు ఫ్లోటు లివర్ కింద గ్యాపు 3 మి.మీ. ఉండాలి. చోక్ నాబ్ లోపలికి నెట్టినా జెట్టు పూర్తిగా పైకి రాకుండా కేబులు పట్టేస్తే నల్లపొగ, పెట్రోలు వాసన, సైలెన్సర్లో దబదబ.

మిక్చర్ నట్టు ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ తెలియదు కాబట్టి మొదటి నుంచి పెట్టండి. నట్టు పూర్తిగా పైకి బిగించి అక్కణ్ణుంచి రెండు చుట్లు, అంటే 12 పలకలు, కిందికి. ఇంజిను బాగా వేడెక్కాక పిస్టన్‌ని కేవలం 0.8 మి.మీ. ఎత్తండి. స్పీడు పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, నట్టు ఒక పలక పైకి. వణికి ఆగిపోబోతే తక్కువ, ఒక పలక కిందికి. క్షణం పెరిగి మామూలుకి వస్తే సరిపోయింది. ఈ20 మీద నడిచే బండికి ఇంకో పలక కిందికి దింపి వదిలేయడం మంచిది. సోలెక్స్ కార్బొరేటర్ వేసిన బండ్లలో ఈ నట్టు ఉండదు, అక్కడ మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాలి.

ఇవన్నీ అయినా బలం రాకపోతే కంప్రెషన్ గేజ్ పెట్టండి. నాలుగు ప్లగ్గులూ తీసి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి కొలవాలి. అంకె ఎంత అన్నది కాదు, నాలుగిటి మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటికంటే 15 శాతం తగ్గితే ఆ సిలిండర్లో ఒక చెంచా ఆయిలు పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు. పక్కపక్కన ఉన్న 2, 3 రెండూ పడిపోతే వాటి మధ్య హెడ్ ప్యాకింగు పోయింది. చివరగా సైలెన్సర్ కూడా ఊపిరి ఆడనిస్తోందో లేదో చూడండి. ఏడాది నిలిపిన బండి పైపులో కందిరీగలు మట్టి గూడు కట్టడం, లోపలి రేకు ఊడి అడ్డం పడటం రెండూ ఉన్నవే. ముందు పైపు జాయింటు వదులు చేసి ఒకసారి ఎత్తెక్కి చూడండి, చప్పుడు భరించలేకపోయినా బండి లాగితే తేలిపోయినట్టే.

మీ బండికి మాత్రం నా పందెం, చోక్ పరీక్ష కరెంటు వైపు చూపిస్తే, డెల్కోలోని ఆ చిన్న వైరు, తర్వాత కాయిల్ పోలారిటీ, ఆ తర్వాత ప్లగ్గుల గ్యాపు. పెట్రోలు వైపు చూపిస్తే ముందు సీసా కొలత. ఒక్కోసారి ఒక్కటే మార్చి అదే ఫ్లైఓవర్ ఎక్కి చూడండి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, పాతవి పారేయకుండా డిక్కీలో దాచండి. పరీక్షలప్పుడు ఎయిర్ ఫిల్టర్ తీసేసి నడపొద్దు, తుమ్ముతో వచ్చే మంటని ఆపేది అదే. కొత్త పాయింట్లు వేస్తే 500 కిలోమీటర్లకి మళ్లీ గ్యాపు కొలవండి, మడమ మొదట్లో త్వరగా అరుగుతుంది.